పొలిమేర రాళ్లు చెప్పే కబుర్లు

నల్లగొండ వైపు ప్రయాణమంటే మనకు ఠక్కున గుర్తొచ్చేవి యాదగిరిగుట్ట, నాగార్జునసాగర్. దర్శనం చేసుకున్నాం, డ్యాం చూశాం, పులిహోర డబ్బాలు ఖాళీ చేసి ఇంటికొచ్చేశాం! ఈసారి వెళ్లినప్పుడు దారిలోని రాళ్లవంక కూడా చూడండి. రాళ్లలో ఏముంటుందంటారా? మనలాంటి మామూలు మనుషుల బతుకులున్నాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో గుడి ముందో, చెరువుగట్టు మీదో, వేపచెట్టు కిందో బొమ్మలు చెక్కిన రాళ్లు కనిపిస్తాయి. పసుపు, కుంకుమ పెట్టి దేవుళ్లుగా మొక్కుతుంటారు. నిజానికి వాటిలో చాలా వీరగల్లులే. ఆవులమందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి ప్రాణం వదిలినవాడికీ, పులితో కలబడ్డవాడికీ నిలిపిన గుర్తులు. పెద్దరాళ్లయితే కిందినుంచి పైకి చూసుకుంటూ పోవాలి. అడుగున పోరాటం, నడుమ వీరుణ్ణి తీసుకుపోతున్న అప్సరసలు, పైన శివలింగం. కొన్నిటి మీద సూర్యచంద్రులు కూడా ఉంటారు, వాళ్లున్నంత కాలం పేరు నిలవాలని. ఆ కాలపు కత్తి, కట్టు, కొప్పు అన్నీ అందులోనే చూడొచ్చు.

కొన్ని రాళ్ల మీద మోచేతి దగ్గర వంచి పైకెత్తిన చెయ్యి ఉంటుంది, దానికి గాజులు. అది సతికల్లు. మొగుడి చితిలో కలిసిపోయిన ఇల్లాలి గుర్తన్నమాట. గాజులు ఎంతో శ్రద్ధగా చెక్కినవాళ్లు, చాలా రాళ్ల మీద ఆమె పేరు మాత్రం చెక్కలేదు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

కానీ రాతిమీద పేరు నిలిచిన ఇల్లాలూ ఉంది. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రికి వెళ్లండి. (మహబూబ్‌నగర్ మర్రిచెట్టు పిల్లలమర్రి వేరు సుమా!) కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల ఊరిది. బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ 1208లో ఇక్కడ శివాలయం కట్టించింది. దేవుడికి ఆమె పేరే వచ్చింది, ఎరకేశ్వరుడని! ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ పేరు చెరిగిపోలేదు.

తీరికుంటే నల్లగొండ పక్కనున్న పానగల్లుకూ వెళ్లిరండి. పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియంలో పాత శిల్పాలు, శాసనాలు ఒకచోట చేర్చిపెట్టారు. పిల్లలకు కాగితం, పెన్సిలు ఇచ్చి నగలూ, జుట్టుముడులూ గియ్యమనండి. ఆటకు ఆట, పాఠానికి పాఠం.

ఒక్క మాట. మీ పుట్టింట్లోనో, అత్తగారి ఊళ్లోనో ఇలాంటి రాయి ఉంటే మొక్కండి, తప్పులేదు. సున్నం, పెయింటు మాత్రం పూయనివ్వకండి. పూశారంటే చెక్కడం పూడిపోతుంది, అక్షరాలుంటే మాసిపోతాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పక్కకు తోసేస్తుంటే సర్పంచికి చెప్పి గుడి ఆవరణలో పెట్టించండి. పేరు లేని ఆ ఇల్లాలికి మిగిలింది ఆ గాజుల చెయ్యి ఒక్కటే. అదైనా మన పిల్లలు చూడాలిగా!