ఏడో రోజు దాటిన అఖీఖా

నొప్పులు ఎచ్చెర్లలో మొదలైతే మా చెల్లి కాన్పు విశాఖలో అయింది. ఇరవై ఆరో వారం. కొడుకు, 820 గ్రాములు.

అమ్మీ ఫికర్ అంతా ఏడో రోజు మీదే. "అఖీఖా ఎలారా? తల గొరిగించాలి కదా!" ఒళ్ళు పట్టడానికి ఇంటినుంచి కొబ్బరినూనె సీసా కూడా తెచ్చింది. సిస్టరమ్మ రెండూ వద్దంది. అమ్మీ అలిగి వరండాలో తస్బీహ్ తిప్పుతూ కూర్చుంది. నాకూ గుస్సా వచ్చింది, అబద్ధమెందుకు. ఒక్క వెంట్రుకైనా తీయనివ్వమని జిద్దు చేశాను. వినలేదు.

ఎనిమిదో రోజు బాబు వీపు కమిలినట్టు ఎర్రబడింది. సాయంత్రానికి పుండై పొక్కు కట్టింది. గీకి పరీక్షకు పంపారు. కాండిడా అన్నారు, ఒక రకం బూజు.

డాక్టర్ కూర్చోబెట్టి చెప్పాడు. మన చర్మం పైపొర గోడలాంటిది. ఇంత ముందు పుట్టిన పిల్లకి ఆ గోడ దాదాపు ఉండదు, గట్టిపడటానికి రెండు మూడు వారాలైనా కావాలి. ఇంక్యుబేటర్‌లో వేడి, తేమ బాబుకెంత అవసరమో బూజుకీ అంత ఇష్టం. చర్మం దాటితే రక్తం, కిడ్నీలు, మెదడు. వెయ్యి గ్రాముల లోపు పిల్లల్లో ఈ జబ్బు గురించి హ్యూస్టన్ డాక్టర్లు 1995లోనే రాశారట. "కాన్పు దారిలోనే అంటుకోవచ్చు" అన్నాడు. అప్పుడు చెల్లి ముఖం చూడలేకపోయాను.

"మా నూనె రాసుంటే?" అంది అమ్మీ. ఢాకాలో శుభ్రమైన పొద్దుతిరుగుడు నూనె రాస్తే ఇలాంటి పిల్లలకు ఇన్ఫెక్షన్లు తగ్గాయని 2005లో లాన్సెట్‌లో వచ్చిందనీ, అమెరికాలో ఒకచోట పెట్రోలియం ఆయింట్‌మెంట్ పూస్తే కాండిడా పెరిగిందనీ చెప్పి, "ఇంట్లో సీసా మాత్రం వద్దమ్మా" అన్నాడు. అమ్మీ సీసా సంచిలో పెట్టేసింది.

ఆంఫోటెరిసిన్ నరంలోకి ఎక్కించారు. కిడ్నీల మీద భయంతో డైపర్లు తూచి మూత్రం లెక్క రాసేవారు. నేను ప్రతి నమాజ్ తర్వాత ఆ లెక్కే అడిగేవాణ్ణి. ఆ నెత్తి మీద కత్తి గాటు పడి ఉంటే అన్న తలపు వచ్చినప్పుడల్లా దువా మధ్యలో ఆగిపోయేది.

అల్‌హమ్దులిల్లాహ్, అఖీఖా అయిదో నెలలో ఎచ్చెర్లలోనే జరిగింది. వెంట్రుకల ఎత్తు వెండి సద్ఖా ఇవ్వాలి కదా, కంసాలి త్రాసులో వేస్తే ముల్లు కదిలీ కదలనట్టుంది. అమ్మీ అటు చూసి, తన కాళ్ళ పట్టీలు తీసి త్రాసులో వేసింది.