చూసి కొన్న బ్యాటు, ఎత్తి కొన్న బ్యాటు

మా ఫ్రీజర్‌లో కొబ్బరి తురుము, మునక్కాడ ముక్కలు, గోంగూర పొట్లాల పక్కన ఒక నీలం రంగు ఐస్ ప్యాక్ ఉండేది. పిల్లాడు సైకిల్ మీంచి పడ్డప్పుడు కొన్నది. పోయిన ఏడాది మే నెల నుంచీ ఎప్పుడు చూసినా అది దాని చోట్లో ఉండటం లేదు. ఒకసారి పై అరలో, ఒకసారి సింకు పక్కన కనిపించేది. తీసి లోపల పెట్టేసేదాన్ని. ఎవరు వాడుతున్నారో అడగాలని మాత్రం నాకు తోచలేదు.

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్‌కి దగ్గర. మా వాడికి పదేళ్ళు. స్నేహితులందరూ ఆడుతున్నారని బేస్‌బాల్‌లో చేరాడు. ఇక్కడ చిన్న పిల్లల జట్లకి కోచ్‌లు జీతం తీసుకునేవాళ్ళు కారు, ఎవరో ఒకరి నాన్నే. మొదటి మీటింగులో "సాయానికి ఎవరొస్తారు?" అని అడిగితే అందరూ ఫోన్లలోకి తలలు దించేశారు. చెయ్యెత్తింది మా వారు! జన్మలో బేస్‌బాల్ బ్యాటు పట్టుకోని మనిషి. కార్లో దారి పొడుగునా సణిగాను. "గరాజ్ సర్దమంటే ఆర్నెల్లుగా శనివారం దొరకదు గానీ, ఊళ్ళో పిల్లలకి నేర్పడానికి దొరికిందా?" అని.

కోచ్ అంటే గట్టున నిలబడి అరవడమే అనుకున్నాను. ప్రాక్టీసుకి వెళ్ళి చూస్తే తెలిసింది, ఆయన పని కొట్టడం. ఒక్కో పిల్లాడికీ వరసగా బంతి కొట్టాలి. దగ్గర నిలబడ్డవాళ్ళకి నేల మీద దొర్లేట్టు, దూరంగా ఉన్నవాళ్ళకి ఆకాశంలోకి లేచేట్టు. ఎదురుగా బంతి వేసేవాళ్ళెవరూ ఉండరు. ఎడమ చేత్తో తనే ఎగరేసుకుని, అది కింద పడేలోపు కొట్టాలి. గంటన్నరలో నూటయాభై దాకా లెక్కపెట్టాను.

విచిత్రమేమిటంటే, మా వారికి ఆ ఎగరేసి కొట్టడం రెండో రోజుకే పట్టుబడింది. "గిదంత చిర్రగోనెనే గదా!" అన్నారు. కరీంనగర్ దగ్గర పల్లెలో పెరిగిన చెయ్యి మరి. మా వైపు దాన్నే గూటీబిళ్ళ అంటాం. బిళ్ళని లేపడం, అది గాల్లో ఉండగానే కొట్టడం. నలభై రెండేళ్ళ మనిషి మొహంలో పన్నెండేళ్ళ పిల్లాడు కనిపించాడు. నా సణుగుడు అక్కడితో ఆగింది.

అప్పటిదాకా ఆయన వాడింది మా వాడి అల్యూమినియం బ్యాటే. పిల్లల కొలత కాబట్టి పొట్టిది, వంగి వంగి కొట్టాలి. మేలో ఆయన పుట్టినరోజు. ఒక్కదాన్నే షాపుకి వెళ్ళి, నల్లగా నిగనిగలాడే మేపుల్ బ్యాటు ఎంచుకున్నాను. 33 అంగుళాలు, 31 ఔన్సులు, అంటే దాదాపు 880 గ్రాములు. అంచు చూసి చీర కొన్నట్టు మెరుపు చూసి కొన్నాను. ఆయన ఇటూ అటూ తిప్పి చూసి "మంచిగుంది" అన్నారు. ఉప్పు మర్చిపోయిన పప్పుని కూడా ఆయన మంచిగుందనే అంటారన్న సంగతి నాకు గుర్తుండాల్సింది.

మూడు వారాల తర్వాత ప్రాక్టీసు నుంచి వస్తూ మా వాడు కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "అమ్మా, డాడీ కొట్టే బంతులు నా దాకా రావట్లేదు. పిల్లలు నవ్వుతున్నారు. ఇంకెవరైనా కొడితే బాగుంటుందేమో." డ్రైవ్ చేస్తున్న మనిషికి వినపడలేదని అనుకోవడానికి లేదు. ఇంటిదాకా ఎవరం మాట్లాడలేదు.

ఆ రాత్రి మంచినీళ్ళకి లేచి వంటింట్లోకి వస్తే, చీకట్లో కుర్చీలో మా వారు. కుడి భుజం మీద నీలం ఐస్ ప్యాక్.

"ఎన్నాళ్ళుగా ఇది?"

"ఏం గాదు, జర పట్టింది."

"ఎన్నాళ్ళుగా అని అడుగుతున్నాను."

కాసేపాగి అన్నారు, "ఆ బ్యాటు బరువైతున్నది. నువ్వు ఇష్టంగ కొన్నవ్ గదా, ఎట్ల చెప్పాలె?" ఈ సీజను మధ్యలోనే మానేస్తానని లీగు వాళ్ళకి ఉత్తరం కూడా రాసి పెట్టుకున్నారట. పంపడమొక్కటే మిగిలింది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా కానుక ఆయన భుజాన్ని తింటోంది. ఐస్ ప్యాక్‌ని రోజూ సర్దుతూ కూడా అడగలేదు నేను.

ఆ వారం ఆటలో అవతలి జట్టు పెద్దాయన చేతిలో ఒక వింత బ్యాటు చూశాను. పొడుగ్గా, సన్నగా, చీపురు కర్రకి అన్నయ్యలా ఉంది. వెళ్ళి అడిగాను. ఆయన నవ్వి నా చేతికిచ్చారు. బరువే లేదు! దాన్ని ఫంగో అంటారట. కోచ్‌లు ప్రాక్టీసులో కొట్టడం కోసమే చేసేది. మా మేపుల్ బ్యాటు చూసి, "అది ఆటలో ఎదురొచ్చే బంతిని కొట్టడానికి. మీవారి పనికి ఇది కావాలి" అన్నారు.

ఆయన విడమర్చి చెబితే తేలిగ్గానే అర్థమైంది. ఎదురుగా వేగంగా వచ్చే బంతిని తట్టుకోవాలంటే బ్యాటులో చెక్క ఎక్కువ ఉండాలి. మనమే ఎగరేసుకున్న బంతికి వేగమేముంది? అక్కడ కావలసింది సులువుగా తిరగడం. అందుకే ఫంగోలు ఎక్కువగా 34 నుంచి 37 అంగుళాల పొడుగుంటాయి, బరువు మాత్రం 20 ఔన్సులకి అటూ ఇటూ. పొడుగు వల్ల చివర వేగంగా తిరుగుతుంది, తక్కువ శ్రమతో బంతి దూరం పోతుంది. పొడవైనవి ఆకాశంలోకి కొట్టడానికి, కాస్త పొట్టివి నేల బంతులకి తేలిక.

రెండోసారి షాపుకి ఇద్దరం వెళ్ళాం. ఈసారి మెరుపు చూడలేదు. చిన్నప్పుడు మా అమ్మ తెనాలి బజారులో రోకలి కొనడం గుర్తొచ్చింది. నున్నగా ఉన్నది నేను చూపిస్తే, "చూసి కొనేది కాదే, ఎత్తి కొనేది" అని ఒక్కోటీ ఎత్తి, దంచినట్టు నాలుగుసార్లు ఆడించి చూసేది. నేనూ అదే చేయించాను. ఎడమ చేత్తో బంతి ఎగరేసే ఆ క్షణం బ్యాటు మొత్తం కుడి చేతి మీదే ఉంటుంది. కాబట్టి ఒక్క చేత్తో ముందుకు చాచి పదంకెలు లెక్కపెట్టమన్నాను. 37 అంగుళాలది ఆరు దగ్గరే వణికింది. 35 అంగుళాలది నిలిచింది. దాని చివర చిన్న గిన్నెలా తొలిచి ఉంది, కొసన బరువు తగ్గడానికి.

ఇక చెక్క. మేపుల్ గట్టిది, కానీ విరిగితే ఒక్కసారిగా పెద్ద ముక్కలై ఎగరొచ్చు. ఏష్ కాస్త వంగుతుంది, వాడగా వాడగా పొరలు లేస్తుంది, ముందే హెచ్చరిస్తుందన్నమాట. బర్చ్ ఈ రెంటికీ మధ్య. ఏదైనా సరే చెక్కలో గీతలు పిడి నుంచి కొసదాకా తిన్నగా సాగాలి. మధ్యలో పక్కకి జారిపోతే అక్కడే విరుగుతుంది.

మేం ఏష్ తీసుకున్నాం. మా వీధిలో ఒకప్పుడు ఏష్ చెట్లు వరసగా ఉండేవని పక్కింటావిడ చెబుతుంది. ఆ చెట్లని తినే పచ్చ పురుగుని ఈ దేశంలో మొదట గుర్తించింది మా డెట్రాయిట్ పక్కనే, 2002లో. అది కోట్ల చెట్లని తినేసింది. మా ఇంటి ముందు ఇప్పుడు మొదలు మాత్రమే ఉంది. బ్యాటు పట్టుకుంటే ఆ మొదలే గుర్తొచ్చింది.

బ్యాటు మారిస్తే భుజం బాగైపోయిందని చెప్పను. డాక్టరు రెండు వారాలు కొట్టొద్దన్నారు, వ్యాయామాలిచ్చారు. ఆ రెండు వారాలూ ఇంకో పిల్లాడి నాన్న కొట్టారు. ఉత్తరం మాత్రం మా వారు పంపలేదు.

తిరిగి మొదలుపెట్టిన రోజు నేనూ వెళ్ళి గట్టున కూర్చున్నాను. మొదటి పది నేల బంతులు. తర్వాత ఒకటి పైకి లేపారు. లేచి, లేచి, దూరంగా ఉన్న మా వాడి తల దాటింది. వాడు వెనక్కి పరిగెత్తి గ్లవ్ చాచి, వదిలేశాడు. నా గుండె జారింది. వాడు బంతి ఏరుకుని వెనక్కి విసిరి గట్టిగా అరిచాడు, "ఇంకొకటి కొట్టు డాడీ!"

ఫంగోకి ఒకటే పథ్యం. వేసిన బంతిని దాంతో కొట్టకూడదు, పలచనిది కాబట్టి విరుగుతుంది. పిల్లలు తీసేసుకోకుండా పిడి కింద తెల్ల టేపు చుట్టి, "ముట్టుకోవద్దు" అని తెలుగులో రాశాను. అదేం భాషని జట్టులో పిల్లలు అడిగితే మా వాడు చదివి చెబుతున్నాడు. ఆదివారం తెలుగు బడికి పంపడానికి నానా తంటాలు పడుతున్న నాకు తెలిసి, నేను బతిమాలకుండా వాడు చదివిన మొదటి తెలుగు మాట అదే.

ఐస్ ప్యాక్ ఇప్పుడు గోంగూర పక్కనే ఉంటోంది. అయినా రోజూ ఓసారి చూసుకుంటున్నాను.