గుజ్జనగూళ్ల పిడతలు

గత సంక్రాంతికి బెజవాడలోని మా యింట బొమ్మలకొలువు తీర్చినపుడు ఏడాదిన్నర పాప కొయ్యయెద్దు కొమ్మును విరిచి నోట బెట్టుకొనెను. పెదవులనడుమ నుండగనే తీసివేసితిమి గాని చాలసేపు మా గుండెదడ తగ్గలేదు.

మన కొండపల్లి బొమ్మలు చూడ ముచ్చటయే. తేలికయగు తెల్లపొణికి కొయ్యతో అవయవములను వేరువేరుగ జెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును గలిపిన మక్కుతో నదికి రంగులు వేయుదురు. అట్టి యతుకుబొమ్మ కొలువునకు దగును. పండ్లు వచ్చుచున్న బిడ్డకు దగునా?

అందుచే అనకాపల్లి జిల్లా యేటికొప్పాక లక్కపిడతలను గొంటిమి. అంకుడుకొయ్యను తరిమెన పట్టి నున్నగా జేసినవవి. పసుపు మొదలగు మొక్కల రంగులు గలిపిన లక్కయేనా యని యడిగి మఱియు దీసికొంటిమి. మూడేండ్లలోపు పిల్లల బొమ్మలలో సుమారు 32 మిల్లీమీటర్ల గొట్టమున బట్టు ముక్క యుండరాదని నియమము. కావున చిన్నమూతలను దాచితిమి.

పాప యిపుడు వట్టిపిడతలో నన్నము వండి యింటిల్లిపాదికిని వడ్డించుచున్నది. ఒంటికొమ్ము యెద్దు గాజుబీరువాలో నున్నది.