మా నీళ్లగది జీర్ణోద్ధారణము

గృహాలంకరణమును గూర్చి వ్రాయువారందఱును వంటయింటిని, పడకటింటిని, పూజాస్థానమును వర్ణింతురే కాని నీళ్లగది జోలికి రారు. మా నాయనగారు చిన్నతనమున నాకు ప్రబంధములు చెప్పుచు జలక్రీడావర్ణనము లెన్నియో చదివించిరి. ఆ కవులలో నొక్కరైనను నేల జారుచుండెనో లేదో తెలుపరైరి!

మా నీళ్లగది 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గలది, మామగారి నాటిది. నున్నని సిమెంటు గచ్చు కాలక్రమమున క్రుంగుటచే తూమువైపు పోవలసిన నీరు గోడమూలకు జేరి నిలిచెడిది. నిలిచినచోట పాచి. గోడలకు ఉప్పు పొంగి పెచ్చులూడి యుండెను.

పొరుగింటి గృహప్రవేశమున నిగనిగలాడు పింగాణి పలకలను జూచి వచ్చినది మొదలు నా మనస్సు నిలువదయ్యెను. దుకాణమున విచారింపగా 40,000 రూపాయలనిరి. మావారు బడిపంతులు. ఆ మాట వినినంతనే వార్తాపత్రికను ముఖమున కడ్డముగ బట్టుకొనిరి. నేనును రెండుదినములు ముభావముగ నుంటిని.

ఇట్లుండ నొకనాటి తెల్లవారుజామున పెరటిలోనికి బోగా, 75 ఏండ్ల మా అత్తగారు చీకటిలో నూతిగట్టు చెంత చలికి వడకుచు నీళ్లు పోసికొనుచుండిరి.

"ఇదేమిటి అత్తయ్యగారూ!" అంటిని.

"ఏం లేదమ్మాయీ, లోపల కాలు నిలవడంలేదు. మొన్న జారి తొట్టి అంచు పట్టుకున్నాను. చెబితే మీరు ఖర్చులో పడతారని..." అని మాట మ్రింగిరి.

నెలదినములుగ నిట్లే జరుగుచున్నదట! నేను గోడలరంగులు లెక్కించుచుంటిని గాని ఆమె చీరచెంగున నిత్యమును బురద యేల యంటుచున్నదో విచారింపనైతిని. ఆ యుదయమున నాకు కాఫీ సయింపలేదు.

ముందుగ పాచినైన వదల్పుదమని బ్లీచింగుపొడి చల్లి, అది చాలదని దానిపైననే యాసిడు పోసితిని. తలుపు మూసియున్నది. ఒక్కసారిగ నూపిరాడక దగ్గుచు బయటికి బరువెత్తితిని. గంటసేపు కన్నులు మండినవి. ఆ రెండును కలసిన క్లోరిను అను విషవాయువు పుట్టునని మావారు చెప్పిరి. బడిలో ఏటేట చెప్పు పాఠమేనట. ఇంట మాత్రము చెప్పరైరి!

పిదప పండుగకని దాచిన 8,000 రూపాయలను బయటికి దీసి, వృద్ధుడైన యొక తాపీమేస్త్రిని పిలిపించితిమి. పింగాణి పలకల మాట విడిచితిని. నునుపు పట్టని తాండూరు బండలను నేలకు పఱపించి, తూమువైపునకు 4 అడుగులకు 1 అంగుళము వాలు పెట్టించితిని. మేస్త్రి వెడలకమునుపే బిందెడు నీళ్లు గ్రుమ్మరించి చూచితిని, చుక్కయు నిలువలేదు. సోదరీమణులు ఈ పరీక్ష చేయక కూలి చెల్లింపవలదు.

గోడల పెచ్చులు గీకించి, ఆఱనిచ్చి, రెండుమాఱులు సున్నము వేసితిమి. వెంటిలేటరు అద్దమున కెవరో యెన్నడో పూసిన రంగును నేనే బ్లేడుతో గీకితిని. కాసు వ్యయము లేక వెలుతురు వచ్చినది. అత్తగారిని పీటపై కూర్చుండబెట్టి, చేయి చాపించి, ఆ యెత్తునకే తొట్టిప్రక్క నొక ఉక్కుకడ్డీని, గుమ్మమునొద్ద మఱియొకదానిని బిగింపించితిని. మేకులు పైపూతలో గాక ఇటుకలోనికే దిగవలయును. లేనిచో నా కడ్డీయే మనుష్యుని పడవేయును. చిలుకకొయ్యను గూడ క్రిందికి దింపించితిని.

బండలకు 1,120, సిమెంటు ఇసుకలకు 1,260, కూలి 3,400, కడ్డీలకు 1,100, సున్నమునకు కుంచెకు 300. వెరసి 7,180 రూపాయలు. అతుకులు గట్టిపడువఱకు వారముదినములు దుప్పటి యడ్డు గట్టి యందఱమును పెరటిలోనే స్నానము లాడితిమి. తాండూరుబండ సున్నపురాయి గావున దానిపై యాసిడు గాని నిమ్మరసము గాని పోయరాదు. సబ్బునీళ్లు, కొబ్బరిపీచు చాలును.

ఇప్పుడు మా అత్తగారు లోపలికి బోయిన నరగంట దాటినగాని రారు. నిన్న మావారు తువాలు భుజమున వైచుకొని గుమ్మమునొద్ద నిలిచి, "అమ్మా, బడికి వేళవుతోంది" అనగా, "ఇంకో రెండు చెంబులేరా" అని లోపలినుండి సమాధానము వచ్చెను.