టైలరు షాపు వెనక గది

న్యూయార్కులో ఒక బారుకి ఇంటీరియర్ డిజైన్ చేస్తున్నానని చెబితే, ఫోనులో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించాక, మా నెల్లూరు జిల్లాలో ఊరూరా చీపుళ్ళు పట్టుకుని సారా వేలంపాటలకి అడ్డం నిలబడ్డవాళ్ళలో అమ్మ కూడా ఉంది. 1995లో మద్యనిషేధం వచ్చిన రోజు ఇంట్లో పాయసం వండింది. 1997లో ఎత్తేసినప్పుడు ఏడ్చింది.

మేం కట్టిన బారు వీధిలోకి కనబడదు. ముందు చిన్న టైలరు షాపు, దాని వెనక పుస్తకాల బీరువా, ఆ బీరువాయే తలుపు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం నడిచినప్పుడు బలపడ్డ పద్ధతి ఇది. మాన్‌హాటన్‌లో 'ట్వంటీవన్' క్లబ్బు నేలమాళిగ తలుపు రెండు టన్నుల పైమాటే, చూస్తే మాత్రం ఇటుక గోడ. ఇటుకల సందులో సన్నటి ఇనపచువ్వ దూరిస్తే తెరుచుకునేది. ఇప్పుడు పోలీసుల భయం పోయి, వెతుక్కుని వచ్చామన్న సంబరం మిగిలింది.

వెలుతురు దగ్గరే నాకు నెల పట్టింది. ఇళ్ళలో వాడే 2700 కెల్విన్ బల్బు అర్ధరాత్రి వేళ తెల్లగా కొడుతుంది. 2200కి దించితే, మా అవ్వ వత్తి తగ్గించి పెట్టిన లాంతరు రంగు వచ్చింది. పైనుంచి వెలుగు పడితే కళ్ళ కింద నీడలు పడి మనుషులు అలిసిపోయినట్టుంటారు. అందుకని సీలింగు లైట్లు తీసేసి, టేబుళ్ళ మీద ముఖం ఎత్తులో దీపాలు పెట్టాను. కౌంటరు ఎత్తు 42 అంగుళాలు, స్టూలు 30. కౌంటరు కింద, చెయ్యి చాపితే తగిలేచోట హ్యాండ్‌బ్యాగుకి కొక్కెం.

ఓనరుతో పేచీ తలుపు దగ్గర వచ్చింది. లోపలివైపు కూడా అది చెక్క గోడలో కలిసిపోవాలన్నాడు, ఎర్రటి 'ఎగ్జిట్' దీపం గది అందం చెడగొడుతోందని పక్కకి జరపమన్నాడు. నేను ససేమిరా అన్నాను. చట్టం ఎలాగూ ఒప్పుకోదు. పొగ కమ్మిననాడు, తాగి ఉన్న మనిషికి కనబడాల్సింది ఆ దీపమే. దాని చుట్టూ గోడకి ముదురు ఇటుకరంగు వేయించి, సోఫాలకి అదే ఛాయ తోలు ఎంచాను. ఆ ఎరుపు గదికి నప్పింది.

పని ముగింపుకొచ్చాక అమ్మే అడిగింది. "పాపా, రాత్రి రెండింటికి బయటికొచ్చిన ఆడపిల్ల ఇంటికెట్టా పోద్ది? బండి వచ్చేదాకా యాడ నిలబడుద్ది?"

నా డ్రాయింగుల్లో దానికి జవాబు లేదు. టైలరు షాపులో బట్టల స్టాండు ఒకటి తీయించి, వీధి కనబడే అద్దం పక్కన బెంచీ వేయించాను. పక్కన మంచినీళ్ళ కూజా, ఫోను ఛార్జింగుకి ప్లగ్గు, పైన ఒక దీపం.

ఈ ఊళ్ళో బార్లలో తెల్లవారుజామున 4 గంటల దాకా మందు పోస్తారు. బెంచీ మీది దీపం నాలుగున్నర దాకా వెలుగుతుంది.