లంబసింగి చలిలో పిల్లల పరుగులు

నర్సీపట్నం దాటి ఘాట్ రోడ్డు ఎక్కేసరికి కారు అద్దాలన్నీ మసకబారాయి. వెనక సీట్లో అత్తయ్య పిల్లలిద్దరి మంకీ క్యాపులూ కళ్ళ దాకా లాగి కూర్చున్నారు. పాపకు అయిదేళ్ళు, బాబుకు మూడు నిండలేదు. "మంచే కదా, అద్దంలోంచి చూపించి తీసుకొచ్చేయండి" అని విశాఖలో బయల్దేరిన దగ్గర్నుంచీ ఆవిడది ఒకటే పాట.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది లంబసింగి. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల లోపుకు దిగడం అక్కడ మామూలే. మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోతుంది. చల్లబడి బరువెక్కిన గాలి కొండవాలు మీంచి జారి పల్లంలో నిలిచిపోతుంది. అందుకే మిట్ట మీదకన్నా పల్లంలోనే చలి ఎక్కువ. పిల్లల్ని ఎప్పుడు దింపాలో తేల్చేది ఈ సంగతే.

వచ్చినవాళ్ళలో చాలామంది చీకటితోనే చెరువులవేనం కొండెక్కుతారు, మేఘాలు కాళ్ళ కింద పరుచుకోవడం చూడ్డానికి. మేం ఆ జోలికి పోలేదు. ఎండ పొడ వచ్చాక తాజంగి జలాశయం వైపు వెళ్ళాం.

దిగగానే బాబు ఏడుపు. మా ఆయన ఎత్తుకున్నారు, శాలువా కప్పారు, అయినా వాడి ముక్కు ఎర్రబడుతూనే ఉంది. టీ కొట్టు ఆవిడ పాలు పొంగకుండా చూసుకుంటూనే, "దింపీ బాబూ, ఎత్తుకుంటేనే చలేస్తాది, పరిగెట్టనీ" అంది. దింపితే ఏముంది! అక్క నోటితో 'పొగ' వదులుతుంటే వీడూ వదులుతూ దాని వెంటపడ్డాడు. కాసేపటికి టోపీలు అత్తయ్య ఒళ్ళో చేరాయి. చలిమంట చుట్టూ చేతులు కాచుకుంటూ వణికింది పెద్దవాళ్ళమే.

అలాగని చలి పిల్లలనేం వదలదు. బరువుతో పోలిస్తే వాళ్ళ ఒంటిపై చర్మం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. ఆడుతున్నంతసేపూ ఒళ్ళు వేడి పుట్టిస్తుంది. ఆగగానే చెమటకు తడిసిన బనీను వీపుకు అంటుకుని చల్లబడుతుంది. అందుకే పరిగెడుతున్నప్పుడు స్వెట్టరు విప్పేసి, నిలబడగానే బనీను మార్చి మళ్ళీ తొడిగాను. ఇంట్లో అందరూ చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. గడ్డి మీది మంచుకు మేజోళ్ళు ఇట్టే నానాయి. నన్నడిగితే గాలి చల్లదనంకన్నా ఈ తడితోనే భయం.

పల్చటి చొక్కాలతో బడికి పోతున్న అక్కడి పిల్లల్ని చూసి, "వీళ్ళకి అలవాటు, చలేయదు" అన్నారు పక్క కారువాళ్ళు. నాకు నచ్చలేదు. వాళ్ళూ చేతులు చంకల్లో పెట్టుకునే నడుస్తున్నారు.

తొమ్మిదిన్నరకల్లా ఎండ చురుక్కుమంది. అత్తయ్య బాబు చేయి పట్టుకుని గట్టు మీద నడిపిస్తున్నారు.

చంటిపిల్లలున్నవాళ్ళు చెరువులవేనం తెల్లవారుజాము జోలికి వెళ్ళకండి, తాజంగి దగ్గర ఎనిమిది దాటాక వచ్చే ఎండ చాలు. ఒక్కొక్కరికీ మూడు జతల మేజోళ్ళు, రెండు బనీన్లు అదనంగా పెట్టుకోండి. చలిమంటలో ప్లాస్టిక్ సీసాలు మాత్రం వేయకండి. ఆ పొగ ముందు పీల్చేది పిల్లలే.