హాస్టల్ పిల్లల ఆరోగ్యం – తల్లిదండ్రులకు ఒక మాట

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అన్నలు అడిగినప్పుడు చదువు గురించి రాద్దామనుకున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతున్నాను. కాని చదువు గురించి రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఆ చదువును మధ్యలో ఆపేసే జ్వరాల గురించి, గజ్జి గురించి, మూర్ఛ గురించి రాసేవాళ్లు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

మా అవ్వ, బాపు కూలి పనికి పోయేవాళ్లు. నన్ను హాస్టల్లో చేర్చిన రోజు బాపు రిజిస్టర్లో వేలిముద్ర వేసి, వార్డెన్ గారితో "సారూ, ఇగ మీరే తల్లీదండ్రీ" అన్నాడు. ఆ మాట అనని తండ్రి మన హాస్టల్ మెట్లు ఎక్కి ఉండడు. కాని తల్లికి తెలిసిన సంగతులు వార్డెన్‌కు ఎలా తెలుస్తాయి? బిడ్డకు చిన్నప్పుడు ఏ జబ్బు చేసింది, ఏ గోలీ పడదు, చలికాలంలో ఆయాసం వస్తుందా అనేవి తల్లి మనసులోనే ఉంటాయి. అవి ట్రంకు పెట్టెలో సర్ది పంపేవి కావు.

నేనున్న రోజుల్లో మన హాస్టల్లో వార్డెన్, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్ ఉండేవారు. నర్సు లేదు. గురుకులాల్లో స్టాఫ్ నర్సు ఉంటుంది. మనలాగా హాస్టల్లో ఉండి పక్కనున్న హైస్కూలుకు పోయే పిల్లలకు ఆ వసతి లేదు. బడికి మాత్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం వచ్చేది. 2013లో మొదలైన ఈ పథకం కింద ఇద్దరు డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎం ఉన్న బృందం ఏడాదికి ఒకసారి సర్కారు బడి పిల్లలను పరీక్ష చేయాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషకాహార లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం – ఈ నాలుగూ చూడాలి.

మంచి పథకమే. కాని ఒక సంగతి చెప్తాను. నా పక్క మంచం మిత్రుడికి చెవిలో చీము కారేది. బృందం వాళ్లు చూసి, పెద్దాసుపత్రిలో చూపించాలని చీటీ రాసి "మీ అమ్మానాన్నలకు ఇవ్వు" అన్నారు. అమ్మానాన్నలు ఊళ్లో ఉన్నారు. పండుగకు గాని రారు. చీటీ అతని పెట్టెలో దసరా దాకా ఉంది. బడికి జబ్బు తెలుసు, హాస్టల్‌కు తెలియదు, ఇంటికి అసలే తెలియదు. అప్పటికి ఆ చెవి వినికిడి తగ్గింది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. వందేళ్ల కింద న్యూయార్క్ నగరంలో డాక్టర్లు బడికి వచ్చి, కండ్ల జబ్బో తామరో ఉన్న పేద పిల్లలను ఇంటికి పంపేసేవారు. పంపడమే తప్ప నయం చేసేవారు లేరు. 1902లో లిలియన్ వాల్డ్ అనే నర్సు ప్రోద్బలంతో లీనా రోజర్స్ అనే నర్సును నాలుగు బళ్లలో ఒక నెల పెట్టి చూశారు. ఆమె బడిలోనే మందు రాసింది, ఇళ్లకు పోయి తల్లులకు చెప్పింది. ఫలితం బాగుండి ఇంకా నర్సులను పెట్టారు. 1902 సెప్టెంబరులో ఇంటికి పంపిన పిల్లలు 10 వేలకు పైగా ఉంటే, 1903 సెప్టెంబరులో 1,100 దగ్గరికి తగ్గారు. మన దేశంలో బడి పిల్లలకు వైద్య పరీక్షలు 1909లో బరోడాలో మొదలయ్యాయి. పరీక్ష చేసేవారు వచ్చారు గాని, వెంట ఉండి చూసుకునే నర్సు మన దాకా రాలేదు.

గజ్జినే తీసుకోండి. ఒక్కడికి మందు రాస్తే గజ్జి పోదు. గదిలో ఉన్నవాళ్లందరూ ఒకే రాత్రి మెడ నుండి పాదాల దాకా మందు రాసుకోవాలి. పొద్దున స్నానం చేసి, బట్టలు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. వారం తర్వాత మళ్లీ రాయాలి. ఇదంతా దగ్గరుండి చేయించే మనిషి కావాలి.

ఇక అసలు సంగతి. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఒక రాత్రి ఏడో తరగతి తమ్ముడొకడికి మూర్ఛ వచ్చింది. ఒకరు తాళం చెవులు చేతిలో పెట్టారు, ఒకరు నోట్లో చెంచా పెట్టబోయారు. నిజానికి నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. వాచ్‌మన్ తాత ఫోన్ చేశాడు. ఆసుపత్రిలో సిస్టర్ "ముందు నుండి గోలీలు వాడుతున్నాడా?" అని అడిగితే మాలో ఎవ్వరికీ తెలియదు.

మరునాడు వాళ్ల అవ్వ వచ్చింది. గోలీలు పచ్చడి డబ్బా కింద దాచి పంపిందట. అవి అయిపోయి పది రోజులైంది. వాడు ఎవ్వరికీ చెప్పలేదు. "చెప్తే సీటు ఇయ్యరేమోనని భయమైంది సారూ" అని ఏడ్చింది. వార్డెన్ గారు "చెప్తే సీటు ఎందుకు పోతదమ్మా, చెప్పకపోతే పిల్లగాడు పోతడు" అన్నారు. ఆ తమ్ముడు మందులు వాడుకుంటూ మన హాస్టల్లోనే ఉండి పది పాసయ్యాడు.

అందుకే తల్లిదండ్రులకు చేతులెత్తి మనవి. చదువు రానివాళ్లకు పిల్లలే చదివి వినిపించండి.

1. మూర్ఛ, ఆయాసం, గుండె జబ్బు, పడని మందు – ఏది ఉన్నా చేర్చే రోజే చెప్పండి. డాక్టరు చీటీ జిరాక్స్ ఇవ్వండి.

2. రోజూ వేసుకునే గోలీలుంటే వార్డెన్ చేతికివ్వండి. ఎన్ని రోజులకు వస్తాయో చెప్పండి. మూర్ఛ గోలీలు డాక్టరు చెప్పకుండా ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

3. సెలవుల తర్వాత జ్వరంతో, గజ్జితో పంపకండి. చూపించి పంపండి.

4. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ గోలీ 10 నుండి 19 ఏళ్ల పిల్లలకు. అన్నం తిన్న తర్వాత వేసుకోవాలి, వెంటనే చాయ్ తాగకూడదు. విరేచనం నల్లగా వస్తే భయపడకండి. నులిపురుగుల గోలీ కూడా వద్దనకండి.

5. కలిసే ఫోన్ నంబరు ఒకటి, పక్కింటివాళ్లది ఒకటి ఇవ్వండి.

పోయిన జూన్‌లో నేను, ఇద్దరు మిత్రులు హాస్టల్‌కు వచ్చి, 200 పేజీల నోటుబుక్కులో ఒక్కో పిల్లవాడికి ఒక్కో పేజీ రాశాం. "జబ్బులేమన్నా ఉన్నయా?" అంటే అందరూ "ఏం లేవు బిడ్డా, మంచిగనే ఉంటడు" అన్నారు. "రోజూ ఏదన్నా గోలీ వేసుకుంటడా? ఎప్పుడన్నా దవాఖానల పండిండా?" అని అడిగితే అప్పుడు చెప్పారు. కొందరు తల్లులు మా చెవిలో చెప్పారు. ఆ పుస్తకం వార్డెన్ గారి బల్ల మీద ఉంది.

మన హాస్టల్లో చదివిన అన్నలు కొందరు ఈ రోజు టీచర్లుగా, ఫార్మసిస్టులుగా, ఆసుపత్రుల్లో ఉద్యోగులుగా ఉన్నారు. ప్రతి జూన్‌లో అడ్మిషన్ల వారంలో ఒక్క ఆదివారం వచ్చి, ఆ తల్లుల పక్కన కూర్చొని ఆ పేజీలు నింపండి. మన హాస్టళ్లకు ఒక నర్సు కావాలని అందరం కలిసి అర్జీ పెడదాం. నర్సు వచ్చేదాకా ఆ నోటుబుక్కునైనా ఆపకుండా నడిపిద్దాం.